సంతలు మూయించిన మౌలానా

కూలీనాలీ జనానికి సంత అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వారం కూలి డబ్బులు ఉప్పూ పప్పూ అయ్యేది అక్కడే. అలాంటి సంతనే మూసేసి నిలబడండని పల్లె జనాన్ని అడిగి, ఔననిపించుకున్న నాయకుడొకడు తూర్పు పాకిస్తాన్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో ఉండేవాడు. లుంగీ, తాటాకు టోపీ. పేరు మౌలానా అబ్దుల్ హమీద్ ఖాన్ భాసానీ.

పుట్టింది సిరాజ్‌గంజ్ వైపు. జమీందార్లతో తగువు పడి అస్సాం చేరాడు. బ్రహ్మపుత్రలోని భాసాన్ లంకలో రైతుల్ని కూడగట్టాడు. ఆ లంక పేరే ఆయన పేరైంది. వలస రైతు ఫలానా గీత దాటి దున్నకూడదనే 'లైన్ పద్ధతి' మీద అస్సాం శాసనసభలోనూ, బయటా పోరాడాడు. 1949లో ఢాకాలో పుట్టిన అవామీ ముస్లిం లీగుకు మొదటి అధ్యక్షుడు. అమెరికాతో సైనిక ఒప్పందాలు వద్దని 1957లో బయటికొచ్చి నేషనల్ అవామీ పార్టీ పెట్టాడు.

1958 అక్టోబరులో సైన్యం గద్దెనెక్కింది. మౌలానాని నాలుగేళ్లు నిర్బంధంలో ఉంచారు. ఈలోగా జనరల్ అయూబ్ ఖాన్ చేసిన పని చూడండి. దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు జనానికి ఇవ్వకుండా, 80,000 మంది 'బేసిక్ డెమోక్రాట్ల' చేతిలో పెట్టాడు. ఊళ్లో వాళ్లెవరనుకున్నారు? ఎక్కువమంది భూమి ఉన్న ఆసాములే. రోడ్లకూ కాలవలకూ వచ్చే డబ్బు వాళ్ల చేతుల మీదుగానే. పైన తుపాకీ, కింద ఆసామి.

మౌలానా మాత్రం 1963లో చైనా వెళ్లొచ్చాక కొన్నేళ్లు అయూబ్ మీద మెత్తబడ్డాడు, చైనాతో స్నేహం చేస్తున్నాడు గదా అని. నాకిది మింగుడుపడదు. విదేశాంగ విధానం బాగుంటే ఊళ్లో జోతేదారు మంచివాడైపోతాడా? 1967లో పార్టీ రెండుగా చీలింది.

1968 డిసెంబరులో తిరిగి లేచాడు. ఢాకాలో గవర్నరు బంగళా ఘెరావ్, మర్నాడు హర్తాళ్, నెలాఖరున పల్లెల్లో సంతల బందు. హాతిర్‌దియా సంత దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడ రైతుల ముందు నడిచిన విద్యార్థి అసద్‌ను 1969 జనవరి 20న ఢాకాలో కాల్చి చంపారు. దాంతో నిప్పు రాజుకుంది. పల్లెల్లో జనం చుట్టుముడితే బేసిక్ డెమోక్రాట్లు గుంపులుగా రాజీనామాలిచ్చారు. మార్చి 25న అయూబ్ దిగిపోయాడు. అయితే గద్దె జనానికి రాలేదు, ఇంకో జనరల్ యాహ్యా ఖాన్‌కి పోయింది.

1970 నవంబరు తుపానులో లక్షలమంది చచ్చిపోతే, ఓటుకన్నా ముందు అన్నం కావాలంటూ మౌలానా ఎన్నికలు బహిష్కరించాడు. మాట న్యాయమైనదే. కానీ మైదానం మొత్తం ముజీబ్ పార్టీకి వదిలేసినట్టయింది: తూర్పున 162 సీట్లలో 160 వాళ్లవే. సంతలు మూయించినవాడి పార్టీకి సభలో చోటు లేకపోయింది.

1976 మే 16న, తొంభై దాటిన వయసులో, ఫరక్కా బరాజ్ మా నీళ్లు కొట్టేస్తోందంటూ రాజ్‌షాహీ నుంచి సరిహద్దు వైపు యాత్ర తీశాడు. అప్పుడూ ఢాకాలో సైనిక పాలనే. ఈసారి అడ్డు పడలేదు. ఢిల్లీ మీద కోపం పాలకులకీ పనికొచ్చేదే. కింద నీళ్లులేని రైతు కష్టం మాత్రం నిజమైనదే.

అదే ఏడాది నవంబరు 17న చనిపోయాడు. టాంగైల్ దగ్గర, తాను బతికిన సంతోష్ గ్రామంలోనే పాతిపెట్టారు.