మా పెరట్లో బండ్ల దావ రాయి

హిందూపురం నుంచి పెనుకొండకి బస్సులో వెళ్తూ మీరెప్పుడైనా కిటికీలోంచి బయటికి చూశారా? నేనైతే చాన్నాళ్ళు చూడనే లేదు. పిల్లలు, సంచులు, టిక్కెట్టు చిల్లర... మన చూపంతా లోపలే కదా! పోయిన వేసవిలో సోమందేపల్లి రాకముందు మా అత్తగారు నా మోచెయ్యి పొడిచి, "అదిగో చూడమ్మీ, మా బండ్ల దావ" అన్నారు. చూస్తే రెండు మూడు ముసలి చింతమాన్లు, వాటి పక్కన గడ్డి మొలిచిన బాట. అంతే.

ఈ ప్రాంతపు దోవలు నిన్న మొన్నటివి కావు. పెనుకొండ కోట ఉత్తరాన ఎర్రమంచి ద్వారం దగ్గర 1354 నాటి శాసనం ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక తిరుమలరాయలు హంపి ఖజానాని ఏనుగుల మీద వేసుకుని పెనుకొండకే చేరాడని చెబుతారు. అదే ఎర్రమంచి దగ్గర ఇప్పుడు కియా కార్లు తయారవుతున్నాయి, చూశారా విచిత్రం!

రాజుల సంగతి పుస్తకాల్లో ఉంది. బండ్లవాళ్ళ సంగతి రాసిందెవరు? రైలు రాకముందు ఉప్పు, ధాన్యం లంబాడీల ఎద్దుల మీద, బండ్ల మీద వచ్చేవి. 1890ల్లో రైలు పడ్డాక కూడా ఊరి నుంచి స్టేషనుకి, సంతకి బండే దిక్కు. మా అత్తగారి పెళ్ళి పట్టుచీర ధర్మవరంలో కొని పెనుకొండ దాకా రైల్లో, అక్కణ్ణుంచి బండిలో తెచ్చారట. బెల్లం, చింతపండు వేసుకుని హిందూపురం వెళ్ళాలంటే తెల్లవారుజామునే బయల్దేరాలి. బండి కింద లాంతరు, సద్దిమూటలో ఎండురొట్టెలు, చెనక్కాయల పొడి. తడి తగలని వంట గనక రెండు రోజులైనా పాడయ్యేది కాదు.

మా ఊరి బయట పరుపుబండ మీద ఇనుపపట్టా చక్రాలు అరగదీసిన గాళ్ళు రెండు ఇప్పటికీ ఉన్నాయి, మూడేళ్ళ లోతున. వానొస్తే వాటిలో నీళ్ళు నిలుస్తాయి. ఒకప్పుడు అక్కడే బరువు దించుకునే రాయి కూడా ఉండేదట. రెండు నిలువు రాళ్ళ మీద అడ్డంగా ఒక బండ, మనిషి తలంత ఎత్తున. నెత్తి మీది గంప దానిమీదికి జరిపి కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చు. మళ్ళీ ఎత్తడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ఒంటరిగా సంతకెళ్ళే ఆడదానికి ఎంత ఆసరానో ఆలోచించండి!

"మరి ఆ బండ ఏమైంది?" అని అడిగాను. అత్తగారు నవ్వి, "ఇరవై ఏండ్లుగా నువ్వు గుడ్డలుతికేది దేనిమీద?" అన్నారు.

నా నోట మాట రాలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కకి దొర్లించేస్తే మా మామగారు తెచ్చి పెరట్లో వేశారట. నిలువు రాళ్ళు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి, ఒకటి వాలిపోయి. తిరిగి పెట్టిద్దామంటే మావారు, "ఇప్పుడు నెత్తిన గంపలు మోసేదెవరు?" అన్నారు. నిజమే. కానీ మా అత్తగారు మోశారు కదా! నాలుగు రోజులు ఇంట్లో ఇదే గొడవ. చివరికి ఆయనే ట్రాక్టరు మాట్లాడారు, ఎదురింటి కుర్రాళ్ళు సాయం వస్తామన్నారు.

బండ పోయాక ఆ చోట ఏం వేద్దామని అత్తగారు అడుగుతున్నారు. కరివేపాకు మొక్క అన్నాను. ఆమెకేమో మునగ కావాలట.