ఎండకు అద్దం పడదామా?

కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమనని గృహిణి ఉండదు. అందుకే 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ప్రకటించగానే చాలామంది చూపు డాబా మీదికి మళ్లింది. ప్యానెళ్లు బిగించాక ఓ సలహా కూడా వస్తుంది. "పక్కన పాత అద్దాలో, తళతళలాడే రేకులో నిలబెట్టండి వదినా, ఎండ రెట్టింపు, కరెంటూ రెట్టింపు!" అని. చవగ్గా లాభమంటే ఎవరికి చేదు? కానీ బీరువా అద్దం ఊడదీసే ముందు కాస్త ఆలోచిద్దాం.

ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. దాని సామర్థ్యాన్ని లెక్కగట్టేది 25 డిగ్రీల దగ్గర. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మన ఎండల్లో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరిందంటే నూటికి పన్నెండు నుంచి పదహారు పాళ్లు పోయినట్టే. అద్దం వెలుగుతోపాటు వేడినీ మోసుకొస్తుంది.

ఇంకో చిక్కూ ఉంది. ప్యానెల్‌లోని సెల్స్ ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి. వరసలో నిలబడి నీళ్ల బిందెలు అందించుకునేటప్పుడు ఒక్కరు నెమ్మదిస్తే అందరూ ఆగాల్సిందే కదా! అద్దం వెలుగు సగం మీదే పడితే లాభం అంతంతమాత్రం. పొద్దు తిరిగి అద్దం నీడ పడిందా, నీడలో ఉన్న సెల్ వేడెక్కి మాడిపోవచ్చు. అప్పుడు ఏళ్ల తరబడి ఉండాల్సిన గ్యారంటీ కూడా చేజారే ప్రమాదముంది. గాలివానకు ఆ రేకు ఎగిరితే ఎవరింటి మీద పడుతుందో!

మరి చవకదారి లేదా అంటే, ఉంది. అది సున్నం!

* రెండువైపులా వెలుగు పట్టే బైఫేషియల్ ప్యానెల్ అయితే, కింద డాబాకు తెల్ల సున్నం వేయించండి. నేలమీది వెలుగు వెనక వైపుకు సమంగా అందుతుంది. కింది గదీ చల్లబడుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ చల్లదనం కోసమే.

* దుమ్ము పేరుకోనివ్వకండి. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే నీళ్లతో తుడవాలి.

* పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, కొబ్బరిమట్టల నీడ పడకుండా చూసుకోండి.

అద్దం మీద మోజు తీరలేదా? సోలార్ కుక్కర్ ఉందిగా! నల్లరంగు గిన్నెలు, పైన గాజు మూత, దానికో అద్దం. అక్కడ మనకు కావలసింది వేడే. మధ్యాహ్నపు ఎండలో రెండు మూడు గంటల్లో అన్నం, పప్పు ఉడుకుతాయి.

అద్దం ఒకటే, ఎండా ఒకటే. ఎక్కడ పెట్టాలో తెలిస్తేనే పొదుపు!