గుడ్డ సంచి నారు నాటుకునేటప్పుడు

పెరట్లో నాలుగు వంగ మొక్కలో, నాలుగు మిరప మొక్కలో వుంటే ఇల్లాలికి ఎంత ధైర్యమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. పెరడు లేనివారు డాబా మీద బక్కెట్లలోనైనా పెంచుతున్నారు. అయితే నారు ఇంట్లోనే పోసుకునే ఓపిక ఇప్పుడు చాలామందికి లేదు. మన కొత్తపేట వాళ్లకి రావులపాలెం మీదుగా వెళ్లి జొన్నాడ వంతెన దాటితే కడియపులంక నర్సరీలు దగ్గరే కనక, అటు వెళ్లినప్పుడు పూలమొక్కలతో పాటు కూరగాయల నారు కూడా తెచ్చుకుంటూ వుంటాం.

నల్ల పాలిథిన్ కవర్లలో పెంచిన నారు, గుంటల ట్రేలలో కొబ్బరిపొట్టు వేసి పెంచిన నారు మనకి అలవాటే. వీటితో పాటు చిన్న గుడ్డ సంచుల్లో పెంచిన నారు కూడా అమ్మకానికి వస్తోంది. “సంచి తియ్యక్కర్లేదమ్మా, అలాగే పాతెయ్యండి, మట్టిలో కలిసిపోతుంది” అంటారు. ఈ మాట కొన్ని సంచుల విషయంలో నిజం, కొన్నిటి విషయంలో కాదు. అన్నిటికీ ఒకే మాట నమ్మి పాతేస్తే ఆ సీజను కూర పోయినట్టే.

గుడ్డ సంచిలో మంచి గుణం లేకపోలేదు. పాలిథిన్ కవరులో వేరు గోడ తగిలి, దారిలేక గుండ్రంగా చుట్టుకుంటుంది. గుడ్డలోంచి గాలి ఆడుతుంది కనక వేరు కొస అక్కడికి వచ్చి ఎండి ఆగిపోతుంది. వెనకనుంచి పిల్లవేళ్లు బోలెడు పుట్టుకొస్తాయి. అలాంటి మొక్క నేలలో పడగానే తొందరగా నిలదొక్కుకుంటుంది. కాని అదే గాలికి తడి కూడా ఆరిపోతుంది. వేసవిలో మంచినీళ్ల కుండకి తడిగుడ్డ చుడతాం చూడండి, అదే లెక్క. అందుచేత నారు తెచ్చి వరండాలో పెట్టి మరిచిపోకూడదు. నాటేదాకా ఉదయం, సాయంత్రం తడి చూస్తూ వుండాలి.

ఇక ఆ గుడ్డ ఏ గుడ్డ? గోనె, నూలు, కొబ్బరిపీచు అయితే మట్టిలో కలిసేవే. తడిగా వుండి, ఎరువు పడిన నేలలో గోనె, నూలు కొద్ది నెలల్లో చివికిపోతాయి. కాని తెల్లగా, మెత్తగా, నేత కనబడకుండా వుండే నాన్ ఓవెన్ సంచులు చూడటానికే గుడ్డ. బట్టల కొట్లో ఇచ్చే సంచుల్లాంటివి. వాటిలో చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. చదరపు మీటరుకి 60 గ్రాముల కన్నా తేలికైన నాన్ ఓవెన్ ప్లాస్టిక్ చేతిసంచులు 2021 సెప్టెంబరు 30 నుంచి వుండకూడదని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. దాని పేరులోనే ప్లాస్టిక్ అని వుంది మరి!

ఇంట్లోనే పరీక్ష చేసుకోవచ్చు. సంచి అంచు నుంచి చిన్న పేలిక కత్తిరించి, ఆరిపోయాక, పట్టకారుతో పట్టుకుని ఆరుబయట అగ్గిపుల్ల వెలిగించి చూడండి. కాగితం కాలిన వాసన వేసి, నలిపితే బూడిద అయిందా, అది నూలో గోనో. ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలిందా, ఆ సంచి నేలలో పాతవద్దు. పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఇక్కడ ఒక చిక్కుంది. మొక్కజొన్న పిండిపదార్థంతో చేసే పి.ఎల్.ఎ. అనే గుడ్డ కూడా మంట దగ్గర కరుగుతుంది. అది కుళ్లుతుందనటం అబద్ధం కాదు. కాని సుమారు 60 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్టు కేంద్రాల్లో అయితే కుళ్లుతుంది. మన పెరటి మట్టికి అంత వేడి ఎక్కడిది? మన వంగ మొక్క అన్నాళ్లు ఆగుతుందా? కనక కరిగేది ఏదైనా సరే, తీసెయ్యటమే నా సలహా.

తీసేటప్పుడు లాగకండి. వేళ్లు గుడ్డలోకి దూరి వుంటాయి. ముందు నీళ్లలో పావుగంట నానబెట్టి, కత్తెరతో అడుగు గుండ్రంగా కత్తిరించండి. మొక్కని గుంటలో కూర్చోబెట్టాక పక్కన నిలువునా కోసి, గుడ్డని మెల్లిగా పైకి తియ్యండి. వంగ, టొమాటో, మిరపకి నాలుగు వేళ్లు తెగినా ఫరవాలేదు, మళ్లీ వేస్తాయి. బీర, సొర, కాకర, పొట్ల అలా కాదు. వేరు కదిలితే అలుగుతాయి. వీటికి మాత్రం నిజమైన గోనె, నూలు సంచులున్న నారే కొనండి, అదీ రెండు మూడు ఆకుల మీద వుండగానే. బెండ, తోటకూర, ముల్లంగికి నారెందుకు? గింజ నేరుగా వేసుకోవటమే మేలు.

గోనె సంచి అయినా అలాగే దించెయ్యకండి. బాగా తడిపి, అడుగున, పక్కల గాట్లు పెట్టాలి. మట్టికి పైన అంచు ఏమాత్రం మిగలకూడదు, కత్తిరించెయ్యాలి. ఆ అంచు మిగిలిందంటే, ప్రమిదలో వత్తి నూనె లాగినట్టు, వేళ్ల దగ్గర తడిని పైకి లాగి గాలికి ఆరబెడుతుంది. పైన మట్టి తడిగానే కనిపిస్తుంది, మొక్క మాత్రం వాడిపోతుంది.

టొమాటో, వంగ నారు 25, 30 రోజులది, మిరప 40 రోజులది అయితే బావుంటుంది. ముదిరి పూత పట్టిన నారు చూడటానికి ముచ్చటగా వున్నా కొనవద్దు. తెచ్చిన రెండు మూడు రోజులు నీడపట్టున వుంచి, ఎండ కాస్త కాస్త అలవాటు చేసి, సాయంత్రం పూట నాటండి. గుంటలో చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపాలి. టొమాటో కాండానికి కూడా వేళ్లు వస్తాయి కనక లోతుగా పెట్టవచ్చు. వంగ, మిరప సంచిలో ఎంత లోతున వున్నాయో అంతే. వంగకి రెండడుగులు, మిరపకి అడుగున్నర ఎడం చాలు.

డబ్బు పోసి సంచి నారు కొనాలా అంటే, బీర, సొరలకి మన చేతిలోనే వుపాయం వుంది. అరటి డొప్ప దొరకని వూరు కోనసీమలో లేదు. జానెడు డొప్పని గుండ్రంగా చుట్టి, కొబ్బరి పీచుతాడుతో కట్టి, మట్టీ ఎరువూ నింపి రెండు గింజలు పెట్టండి. లేదా చిరిగిన నేత చీర కొంగు సంచులుగా కుట్టుకోండి. జరీ అంచూ, పాలియెస్టరు కలిసిన చీరా పనికిరావు.

నాటిన నాలుగైదు రోజులు కొబ్బరాకు మట్టతో మధ్యాహ్నం ఎండ తగలకుండా కాయాలి. నీళ్లు మొదట్లో సంచి వున్న చోటే పొయ్యండి, కొత్త వేరు ఇంకా అక్కడే వుంటుంది. మొవ్వలోంచి లేత ఆకు విచ్చుకోవటం చూశాక ఆకు తీసేసి, నీళ్లు కాస్త దూరంగా పోస్తూ రండి.