కారు వెనుకటి యెఱ్ఱదీపము

హైదరాబాదు మొదలగు నగరములలో జరుగు పాతకార్ల ప్రదర్శనలయందు అమెరికా బండ్ల ముందుభాగముకంటె వెనుకభాగమే మమ్ము మిక్కిలి యాకర్షించును. అందులకు కారణము వాని యెఱ్ఱదీపములు. హార్లీ ఎర్ల్ నాయకత్వమున శిల్పులు పి-38 యుద్ధవిమానపు తోకను జూచి, 1948వ సంవత్సరపు క్యాడిలాక్ కారునకు చిన్నరెక్కల నమర్చి, వానియందు దీపములను నిలిపిరి. ఎడమదీపమును పైకెత్తినచో పెట్రోలు పోయు మూత కనబడును! 1959 నాటికి రెక్కలు మిక్కిలి యెత్తై, ఒక్కొక్కదానికి తూటాలవంటి జంటదీపములు వచ్చెను.

అయినను ఈ దీపము కేవలాలంకారము కాదు. ముందు తెలుపు, వెనుక యెఱుపు ఉండుటచే చీకటిలో బండి వచ్చుచున్నదో పోవుచున్నదో తెలియును. బ్రేకు త్రొక్కగానే యెఱుపు మఱింత ప్రకాశించి, బండి నెమ్మదించుచున్నదని వెనుకవారికి జెప్పును.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగును. మన ప్రాంతమున క్యాడిలాకులు అరుదు గాని, చీకటిదారులు అరుదు కావు. ఏలూరు తాడేపల్లిగూడెముల నడిమి రహదారిపైగాని, కొల్లేటి చేపలచెరువుల ప్రక్కదారులలోగాని, దీపములేక నిలిచిన ధాన్యపు ట్రాక్టరు ఒక్క సెకను ముందుగా కనబడినను ప్రాణము దక్కవచ్చును. సొంతవెలుగు లేకున్నను, తనపై బడిన కాంతిని త్రిప్పిపంపు రేడియం స్టిక్కరు సయితము ఈ మేలు చేయగలదు.

తన వెనుకదీపము నడుపువానికి కనబడదు. అది పరులకొఱకే వెలుగును. విద్యార్థులారా, మీ సైకిళ్లను, పెద్దలారా, మీ ట్రాక్టర్లను నేడే వెనుకనుండి యొకమారు చూచుకొనుడు.