రెండు డబ్బాలు, ఒక బండల మిద్దె

"ఏం బావా, దీని మీద 150 వాట్లని ఉండె. నువ్వేమో ఆ 70 వాట్ల దాన్ని తీసుకోమంటివే?"

అనంతపురం సుభాష్ రోడ్డులోని ఒక అంగట్లో మా బావమరిది అడిగిన ప్రశ్న ఇది. ముందు రెండు హోమ్ థియేటర్ రిసీవర్లు ఉన్నాయి. ధరలో పెద్ద తేడా లేదు. అంకెల్లో మాత్రం ఒకటి రెండోదానికి సగం కూడా లేదు. అంకె చూస్తే ఎవరైనా 150 వైపే చెయ్యి చాపుతారు. అతనికి జవాబు చెప్పాలంటే ఆ పెట్టె పుట్టుక నుంచి చెప్పుకు రావాలి.

రిసీవర్ లోపల ఎన్ని హంగులున్నా దాని ప్రాణం యాంప్లిఫయర్. అది చేసే పని మన చెరువు తూము చేసే పనే. తూము తలుపు ఎత్తడానికి ఒక మనిషి బలం చాలు, కాని కింద మడికి పారేది చెరువు నీళ్ల బలం. బలహీనమైన పాట సంకేతం ఆ తలుపును ఎత్తుతూ దించుతూ ఉంటుంది. స్పీకర్‌ను కదిలించే బలం కరెంటుది. పాట పెద్దదైనట్టు మనకు అనిపిస్తుంది. నిజానికి పాట నడకను అనుసరించి కరెంటు పారుతుంది, అంతే. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, అంగట్లో ఎవరూ మోసపోరు.

కరెంటుకు ఇలాంటి తూమును మొదట అమర్చినవాడు అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్. ఇంగ్లండులో ఫ్లెమింగ్ 1904లో రెండు ఎలక్ట్రోడ్ల గాజు వాల్వు చేశాడు. దాని మధ్య డి ఫారెస్ట్ 1906లో ఒక సన్నని తీగ జాలీ పెట్టాడు. ఆ జాలీయే తూము తలుపు. అయితే తొలి వాల్వులు శబ్దాన్ని పెంచడంతో పాటు వంకర కూడా చేసేవి. ఆ వంకరను సరిచేసే ఉపాయం 1927 ఆగస్టు 2 ఉదయం, హడ్సన్ నది మీద పడవలో ఆఫీసుకు పోతున్న హెరాల్డ్ బ్లాక్‌కు తట్టింది. బయటికొచ్చిన శబ్దంలో చిన్న భాగాన్ని వెనక్కి తెచ్చి, లోపలికి పోయిన దానితో పోల్చి, తప్పును తీసేయడమే ఆ ఉపాయం. చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పేపరు మీదే ఆ బొమ్మ గీశాడు. ఈ రోజు మనింట్లో పాట శుభ్రంగా వినిపిస్తోందంటే దాని వెనుక ఆ కాగితం ఉంది. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టాక వాల్వుల వేడీ బరువూ తగ్గాయి. యంత్రం పల్లెకు నడిచొచ్చింది.

మా ప్రాంతంలో అంతకు ముందు శబ్దమంటే గొంతు బలమే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాట కళాకారులు తెర వెనుక నిలబడి, కడపటి వరుస దాకా వినపడేలా పై స్థాయిలో పాడేవారు. యుద్ధం ఘట్టం వస్తే కాళ్ల కింది చెక్కలను దడదడ తొక్కేవారు. ఇప్పుడు మనం సబ్‌ఊఫర్‌కు డబ్బు పోసి కొనేది ఆ చెక్కల దడనే. తర్వాత మైకు సెట్లు వచ్చాయి. గూగూడు కుళ్లాయస్వామి పీర్ల పండగకు పోయినవాళ్లకు తెలుసు, చెట్టుకో స్తంభానికో కట్టిన గొట్టం స్పీకర్ ఎంత దూరం పలుకుతుందో. దాని యాంప్లిఫయర్ 30 వాట్లుంటే గొప్ప. అది ఊరంతా వినిపిస్తే, 100 వాట్ల పెట్టె ఇంట్లో హాలుకే సరిపోవడమేమిటి?

రహస్యం స్పీకర్‌లో ఉంది. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరం నుంచి కొలిస్తే ఇంటి స్పీకర్ 88 డెసిబెళ్లు పలుకుతుంది, గొట్టం స్పీకర్ 105 దాకా పలుకుతుంది. ఆ 17 డెసిబెళ్ల తేడాను యాంప్లిఫయర్‌తో పూడ్చాలంటే 50 రెట్ల వాట్లు కావాలి. చెవి లెక్క అలాంటిది. వాట్లు రెట్టింపు చేస్తే 3 డెసిబెళ్లే పెరుగుతాయి, శబ్దం రెండింతలైనట్టు చెవికి తోచాలంటే వాట్లు పదింతలు కావాలి. కాబట్టి మా బావమరిది చూసిన అంకెలు అక్షరాలా నిజమే అనుకున్నా, 70కీ 150కీ మధ్య తేడా 3.3 డెసిబెళ్లు.

కాని ఆ అంకెలు ఒకే కొలతవి కావు. డబ్బా తిప్పి సన్న అక్షరాలు చదివించాను. 70 వాట్ల దాని మీద 8 ఓములు, రెండు చానళ్లు ఒకేసారి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, వంకర 0.08 శాతం అని ఉంది. 150 దాని మీద 6 ఓములు, ఒకే చానల్, ఒక్క 1,000 హెర్ట్జ్ దగ్గర, వంకర 10 శాతం. పది శాతం వంకరంటే గొంతు చీరిపోతుంది, అలా ఎవరూ వినరు. 8 ఓములకు మారిస్తే 150 కాస్తా 112 అవుతుంది. వంకర లేకుండా అంటే ఎనభై చిల్లర. రెండు చానళ్లు కలిసి పలికితే ఇంచుమించు 70. రెండు డబ్బాలూ ఒకటే బలం! ఈ అంకెల జాతర పాతదే. 1974లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ యాంప్లిఫయర్ వాట్లను ఎలా కొలిచి ప్రకటించాలో నియమం పెట్టాల్సి వచ్చింది.

ఇక చెరువు సంగతి, అంటే కరెంటు సంగతి. అనంతపురంలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు. వాన లేనిచోట బోర్లు, బోర్లుంటే మోటర్లు. అన్నీ ఒక్కసారి తిరిగితే పల్లెలో 230 వోల్టులు 190కి దిగుతాయి. రిసీవర్ బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోతుంది. 70 వాట్ల పెట్టె అప్పుడు 48 వాట్లే ఇస్తుంది. వానకూ వాట్లకూ సంబంధముందని మా సీమలో చెప్పక్కర్లేదు. తర్వాత రెండు పెట్టెలనూ చేత్తో ఎత్తి చూడమన్నాను. 70ది బరువుగా తూగింది. బరువు ఎక్కువంటే చాలావరకు ట్రాన్స్‌ఫార్మరూ, వేడిని లాగే అల్యూమినియం రెక్కలూ పెద్దవని అర్థం. ఎండాకాలం 42 డిగ్రీలు దాటే ఊళ్లో ఆ రెక్కలే యంత్రానికి ఆయుష్షు. లోపలి కెపాసిటర్ పది డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని జీవితం సగమవుతుంది. మూసిన అలమరలో పెట్టొద్దని బతిమాలి చెప్పాను.

చుట్టూ తిరిగే శబ్దం సంగతీ చెప్పాలి. ఇంజనీరు రే డాల్బీ 1963 నుంచి రెండేళ్లు ఐక్యరాజ్యసమితి సలహాదారుగా మన దేశంలోనే పనిచేశాడు. టేపులోని సన్న రొదను తీసేసే ఆలోచన ఆయనకు ఇక్కడున్నప్పుడే వచ్చింది. 1965లో లండన్‌లో సంస్థ పెట్టాడు. ఆ సంస్థ తెచ్చిన చుట్టూ తిరిగే శబ్ద పద్ధతి అట్మాస్ 2012లో థియేటర్లకు, 2014లో ఇళ్లకు వచ్చింది. రెండు రిసీవర్లలోనూ అది ఉంది.

తేల్చాల్సింది ఇల్లు. బావమరిదిది తాడిపత్రి దగ్గరి పల్లెలో బండల మిద్దె. కింద నున్నటి నల్లబండ, పైన బండ, నాలుగు పక్కలా గార గోడలు. అంగడికి పోయే ముందే ఆ హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాను. చప్పుడు గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ జర్రుమని సాగింది. బండ తన మీద పడ్డ శబ్దంలో నూటికి 98 వంతులు తిప్పికొడుతుంది. 1895లో హార్వర్డ్‌లో వాలస్ సాబిన్ రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు మోయించి, ఒక్కో మెత్తకూ మారుమోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆయన సూత్రంతో లెక్కేస్తే ఆ హాలు ఖాళీగా ఉన్నప్పుడు మారుమోత 5 సెకన్లు. మాటలు తేటగా వినాలంటే అర సెకను దాటకూడదు. రిసీవర్‌తో వచ్చే చిన్న మైకు ఒక్కో స్పీకర్ దూరాన్ని కొలిచి ఆలస్యాన్ని సరిచేస్తుంది. బండ మారుమోతను మాత్రం అది తుడవలేదు.

70 వాట్ల పెట్టే కొన్నాం, దానికో స్టెబిలైజరు. ఎదురు గోడకు జానెడు ఎడంగా కురుబలు నేసిన రెండు నల్ల కంబళ్లు వేలాడదీశాం, కింద జంపఖానా పరిచాం. మళ్లీ చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే ఆగింది. మీరూ అంగడికి పోయే ముందు మీ హాల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. డబ్బా మీది సన్న అక్షరాలు చదివాకే డబ్బు ఇవ్వండి.