డాబా మీద 66 అడుగుల యాంటెన్నా: టవర్ లేకుండా ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి

తుఫాను హెచ్చరిక రాగానే మనం చేసే మొదటి పని ఫోన్లు, పవర్‌బ్యాంకులు ఫుల్ ఛార్జ్ పెట్టుకోవడం. కానీ ఫోన్‌లో 100 శాతం ఛార్జ్ ఉన్నా, అవతల టవర్ పడుకుంటే అది టార్చ్‌లైటే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకాక అక్కడి జనానికి ఇది బాగా తెలిసొచ్చింది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో అప్పటికే హామ్ రేడియో సెట్లతో ఒక టీమ్ ఉంది. ఫోన్లు పోయిన అండమాన్ నుంచి బయటికి సమాచారం పంపింది ఆ టీమే. వాళ్ళని అక్కడికి తీసుకెళ్ళింది మన హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. 1983 నుంచి ఉన్న సంస్థ అది.

రేడియో సెట్ కొనుక్కోవచ్చు. యాంటెన్నా మాత్రం మన డాబాకి తగ్గట్టు మనమే కట్టుకోవాలి. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కన పెట్టి దీని గురించి రాస్తున్నా.

ముందే చెప్పేస్తా: ట్రాన్స్‌మిట్ చేయాలంటే లైసెన్స్ తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం పెట్టే పరీక్ష రాయాలి. పన్నెండేళ్ళు నిండితే చాలు, బీటెక్ అక్కర్లేదు.

వాకీటాకీ ఎందుకు సరిపోదు?

ఏలూరులో నేను, తాడేపల్లిగూడెంలో మా క్లాస్‌మేట్. మ్యాప్‌లో గీత గీస్తే మధ్య దూరం సుమారు 47 కిలోమీటర్లు. చేతిలో పట్టుకునే సెట్లు వాడే 145 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు నేరుగా వెళ్తాయి, భూమి గుండ్రంగా ఉంటుంది. రెండు యాంటెన్నాలూ 15 మీటర్ల ఎత్తులో ఉన్నా లెక్క ప్రకారం అందేది 32 కిలోమీటర్లే. కొల్లేరు దిక్కున కైకలూరు ఏలూరుకి 21 కిలోమీటర్లు, మధ్యలో అంతా చదును. అక్కడికి హాయిగా మాట్లాడొచ్చు. గూడెం మాత్రం కష్టం.

దీనికి మందు 40 మీటర్ల బ్యాండ్, అంటే 7 మెగాహెర్ట్జ్. యాంటెన్నా మరీ ఎత్తులో లేకపోతే పగటిపూట సిగ్నల్ చాలా వరకు నిటారుగా పైకి పోయి, అయనోస్ఫియర్‌కి తగిలి, గొడుగు మీద నుంచి వాన జారినట్టు చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. గూడెం, విశాఖ, హైదరాబాద్ అన్నీ ఆ గొడుగు కిందే. మధ్యలో టవర్, రిపీటర్, ఇంటర్నెట్ ఏదీ ఉండదు. సెట్‌కి 12 వోల్టుల బ్యాటరీ చాలు.

వైరు లెక్క

కాంతి వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. అందులో సగం తీసుకుని, నిజమైన వైరు కాబట్టి ఒక ఐదు శాతం తగ్గించాలి. షార్ట్‌కట్ ఏంటంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించడం. 7.1కి 20.1 మీటర్లు, అంటే 66 అడుగులు. మధ్యలో కోసి రెండు చేతులుగా చేస్తే ఒక్కోటి 33 అడుగులు. ఇదే డైపోల్. మధ్యభాగాన్ని స్తంభం పైన కట్టి, చేతుల్ని రెండు వైపులా కిందికి వాలిస్తే ఇన్వర్టెడ్ వీ. దీనికి ఎత్తైన స్తంభం ఒక్కటే చాలు, మన ఇళ్ళకి ఇదే కరెక్ట్. అందరూ ఆశపడే మూడు ఎలిమెంట్ల యాగీ కూడా కట్టొచ్చు గానీ, 20 మీటర్ల బ్యాండ్‌కే ఒక్కో గొట్టం 33 అడుగులుంటుంది, పైన తిప్పడానికి మోటారు కావాలి. తుఫాను దారిలో ఉన్న ఊళ్ళో అంత బరువు నెత్తిన పెట్టుకోవడం నాకైతే నచ్చదు.

వైరు కోసేటప్పుడు కాస్త ఎక్కువే ఉంచండి. నేను 20.9 మీటర్లతో మొదలుపెట్టా.

స్తంభం నిలబెట్టడం

అసలు పని ఇదే. జీఐ పైపులు 20 అడుగుల పొడవులో వస్తాయి. సగానికి కోయించి, ఒకదాంట్లో ఒకటి అడుగున్నర దూర్చి బోల్టులు వేస్తే మూడు ముక్కలకి 27 అడుగులు. ఇక్కడ షాపులో చాలామంది చిక్కుకునే విషయం ఒకటుంది. రెండు అంగుళాల పైపులో ఒకటిన్నర దూరుతుంది. ఒకటిన్నరలో ఒకటింపావు మాత్రం తేలిగ్గా దూరదు, ఎందుకంటే ఆ సైజులు బయటి కొలతలు కావు. అందుకని పై ముక్క అంగుళం పైపు తీసుకోండి. మొత్తం బరువు దాదాపు 34 కిలోలు. 22 అడుగుల డాబా మీద పెడితే కొన 49 అడుగులకి చేరుతుంది.

స్టే తాళ్ళని పిట్టగోడకి కట్టొద్దు. ఒక వరస ఇటుక గోడ గాలి లాగుడికి ఆగదు. మన ఊళ్ళలో పై అంతస్తు వేస్తామని వదిలేసిన పిల్లర్ చువ్వలు ఉంటాయి కదా, ఏళ్ళ తరబడి బట్టలారేయడానికి పనికొస్తున్నవి, వాటికి కట్టండి. తుప్పు పట్టి సన్నబడ్డాయేమో ముందు చూసుకోండి. రెండు ఎత్తుల్లో నాలుగేసి తాళ్ళు కట్టాలి. నైలాన్ తాడు వానకి తడిసి సాగుతుంది, పాలియెస్టర్ నయం. చేపల చెరువుల సామాన్లు అమ్మే షాపుల్లో తాళ్ళకి కరువు లేదు, కాకపోతే ఎండకి పెళుసుబారే రకమో కాదో అడిగి కొనండి.

ఎక్కించేటప్పుడు ముగ్గురు కావాలి. అన్నిటికంటే ముందు వీధిలోని 11 కేవీ లైను చూడండి. స్తంభం పొడవుకి ఒకటిన్నర రెట్లు, అంటే మా లెక్కలో 40 అడుగుల లోపల ఏ కరెంటు వైరు ఉన్నా ఆ చోటు వదిలేయాల్సిందే. ఇందులో అడ్జస్ట్‌మెంట్ ఉండదు. యాంటెన్నా వైరు తెగి ఎగిరినా లైను మీద పడకూడదు.

మా పక్కింటి బాబాయ్ గారు మొత్తం చూసి, “ఏంటండి అబ్బాయ్, సెల్ టవరా? అద్దె ఎంతిస్తారంటండి?” అన్నారు. రేడియో అని చెబితే కొంచెం నిరుత్సాహపడ్డారు గానీ, ఒక కొన వాళ్ళ కొబ్బరి చెట్టుకి కట్టుకోనిచ్చారు. చెట్టు ఊగుతుంది కాబట్టి అక్కడ కప్పీ వేసి, తాడు చివర బరువు వేలాడదీయాలి. లేకపోతే మొదటి గాలికే వైరు తెగుతుంది. చేతుల మధ్య కోణం 120 డిగ్రీలు ఉంచితే కొనలు స్లాబు మీద నుంచి పదడుగుల పైన ఉంటాయి. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు కొనల దగ్గర వోల్టేజ్ చాలా ఎక్కువ, చెయ్యి అందకూడదు.

నానోవీఎన్‌ఏ: ఈ పనిలో అసలు గ్యాడ్జెట్

ఫోన్ కంటే చిన్నగా ఉండే ఈ పరికరం యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీలో కుదిరిందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. ఒకప్పుడు ల్యాబ్‌లోనే దొరికే కొలత ఇది. ముందు ఓపెన్, షార్ట్, లోడ్ క్యాలిబ్రేషన్ చేయాలి. కేబుల్ ఆ చివర చేస్తే కేబుల్ ప్రభావం కూడా పోతుంది. యాంటెన్నా తగిలించే ముందు దాని స్టాటిక్‌ని ఎర్త్‌కి తాకించి వదిలించండి, లోపలి చిప్ నాజూకు.

మా గ్రాఫ్ లోయ 6.8 దగ్గర వచ్చింది. 20.9ని 6.8తో గుణించి 7.1తో భాగిస్తే 20.0. అంటే మొత్తం 90 సెంటీమీటర్లు ఎక్కువ, ఒక్కో వైపు 45. ఒకేసారి కోయకుండా ముందు 30 కోసి, మళ్ళీ కొలిచి, మిగతాది మడిచి కట్టాం. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 దగ్గర ఆగింది. ఆ అంకెకి వెనక్కొచ్చే పవర్ 4 శాతమే. దాన్ని 1.1 చేయాలని రోజంతా డాబా ఎక్కి దిగేవాళ్ళున్నారు, అవతలివాడికి తేడా వినపడదు.

కేబుల్ విషయంలో మాత్రం పొదుపు వద్దు. సన్నటి ఆర్‌జీ-58 వంద అడుగులకి 7 మెగాహెర్ట్జ్‌లో పావు వంతు దాకా పవర్ తినేస్తుంది. అదే కేబుల్ 145లో వాడితే ముప్పావు వంతు దారిలోనే పోతుంది. ఆర్‌జీ-213 లావు, బరువు, ఖరీదు కూడా. అయినా అదే తీసుకోండి.

కొల్లేరు వైపు కడితే

లంక గ్రామాల వైపు నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది, నేలలో పాతిన మేకులు వదులవుతాయి. సరుగుడు వాసం పాతినా స్టే తాళ్ళని రెండు కాలాల్లోనూ బిగించుకోవాలి. మంచి ఏంటంటే నేల తడిగా ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది. పిడుగుల కాలంలో అది అవసరం. ఉరిమినప్పుడు కేబుల్ పీకి బయట పెట్టడం మాత్రం ఎలాగూ తప్పదు. ఇంకోటి, పక్షులు. అభయారణ్యం హద్దుల్లో ఇలాంటివి పెట్టకూడదు. బయట పెట్టినా, పెలికాన్లు తిరిగే దారిలో సన్న వైరు వాటికి కనపడదు. కనిపించేలా రంగు ముక్కలు వేలాడదీయండి.

స్తంభం, వైరు, కేబుల్, తాళ్ళు అన్నీ కలిపి ఒక బడ్జెట్ ఫోన్ ఖర్చు. రేడియో సెట్ వేరే, అది ఖరీదైన ఫోన్ రేంజ్‌లో ఉంటుంది. మేమిద్దరం ఇప్పుడు ఆదివారం పొద్దున పదింటికి 7.1 దగ్గర కలుస్తాం. సాయంత్రం చీకటి పడ్డాక దగ్గరి ఊళ్ళు తగ్గిపోయి దూరదేశాల వాళ్ళు వినిపిస్తారు. రాత్రి గూడెంతో ఎలా మాట్లాడాలన్నది తర్వాతి పని. దానికి 80 మీటర్ల బ్యాండ్ కావాలి, అంటే వైరు రెట్టింపు. పక్కింటి కొబ్బరి చెట్టు సరిపోదు, అవతలి వీధి దాకా అడగాలి.