రాళ్ల గుట్టల నుంచి సైబరాబాద్ దాకా: మార్పును తట్టుకోవడం ఎలా?

మార్పు అంటే ఏమిటో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక రేకు పెట్టె, ఒక స్టీలు పళ్లెం, ఒక దుప్పటితో అమ్మానాన్నలను వదిలి వచ్చిన రోజే అది మనకు పరిచయమవుతుంది. ఆ తర్వాత ఊరి బడి నుంచి పట్నం కాలేజీకి, తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషుకు, చదువు నుంచి ఉద్యోగానికి ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది.

ఈ హాస్టల్లో చదువుకుని, ఇప్పుడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న పూర్వ విద్యార్థులం కొందరం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. వార్షికోత్సవానికి వచ్చిన ప్రతిసారీ తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని అడిగేది ఒకటే: "అన్నా, అక్కా, ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది?" దానికి జవాబు మూడు నాలుగేళ్లకోసారి మారిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. నేర్చుకున్నది పాతబడితే, ఉన్న ఉద్యోగం పోతే, ఉన్న చోటు మారితే మనిషి ఎలా నిలబడాలి? మేము పని చేస్తున్న ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకుని దీన్ని వివరించే ప్రయత్నం చేస్తాం.

గుట్టలు పోయి అద్దాల మేడలు

హైదరాబాద్‌కు పడమట ఉన్న ఈ ప్రాంతమంతా ఒకప్పుడు గ్రానైటు గుట్టలు. ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు ఇక్కడే ఉంది. 1992లో శిల్పారామం వచ్చేనాటికి కూడా మాదాపూర్ నగర శివారులోని పల్లెటూరే. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కడి నుంచి వేగం పెరిగింది. 2003లో ఎంఎంటీఎస్ రైలు వచ్చింది. అదే ఏడాది సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ ఏర్పడింది. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, 2019లో హైటెక్ సిటీ దాకా మెట్రో వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం తెలంగాణలో ఐటీ ఉద్యోగుల సంఖ్య 2013-14లో 3.23 లక్షలుంటే 2022-23 నాటికి 9.05 లక్షలకు చేరింది.

ఇది అందరికీ ఒకేలా వచ్చిన మార్పు కాదు. మాదాపూర్, ఖానామెట్, నానక్‌రాంగూడ, రాయదుర్గం లాంటి ఊళ్లలో భూమి ఉన్నవాళ్లలో కొందరు తొందరపడి తక్కువకు అమ్ముకున్నారు. కొందరు ఇంటి మీద అంతస్తులు వేసి, లేడీస్ హాస్టళ్లకూ జెంట్స్ హాస్టళ్లకూ అద్దెకిచ్చి నిలదొక్కుకున్నారు. భూమి లేని కూలీలకు అమ్ముకోవడానికి ఏమీ లేదు. పొలం పోవడంతోనే వాళ్ల పనీ పోయింది. ఇక ఈ మేడలు కట్టిన చేతుల్లో పాలమూరు వలస కూలీల చేతులెన్నో ఉన్నాయి. కట్టడం పూర్తి కాగానే వాళ్లు మూట సర్దుకుని ఇంకో సైటుకు వెళ్లాల్సిందే.

అంటే మార్పు వచ్చినప్పుడు మనిషి తెలివి ఒక్కటే సరిపోదు. చేతిలో ఏముంది, వెనుక ఎవరున్నారు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఎక్కువగా చెప్పని విషయం ఇదే.

మార్పు వేరు, మారడం వేరు

అమెరికా రచయిత విలియం బ్రిడ్జెస్ 1980లో ఒక మంచి తేడా చెప్పారు. మార్పు బయట జరుగుతుంది, ఒక్క రోజులో జరిగిపోతుంది. మారడం మనిషి లోపల జరుగుతుంది, దానికి కాలం పడుతుంది. ఇందులో మూడు దశలున్నాయంటారాయన. మొదట ఒకటి ముగుస్తుంది. తర్వాత పాతదీ లేక, కొత్తదీ కుదరక ఉండే నడిమి కాలం వస్తుంది. చివరికి కొత్త ఆరంభం.

పాత నీరు పోయి కొత్త నీరు రావడం సహజమని మన పెద్దలంటారు. కానీ ఆ రెంటి మధ్యా చెరువు అడుగు కనబడే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లోనే చాలామంది భయపడి వెనక్కు తిరుగుతారు. ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలలు మీటింగుల్లో నోరు విప్పని వాళ్లు మాలో చాలామంది ఉన్నారు. పని రాక కాదు, చెప్పాల్సింది ఇంగ్లీషులో కూడగట్టుకునేలోపే మాట వేరే విషయం మీదికి వెళ్లిపోయేది. అది చేతకానితనం కాదు, నడిమి కాలం. ఆ సంగతి ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

దుఃఖానికి అయిదు దశలుంటాయనే మాట కూడా మీరు వినే ఉంటారు. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే వైద్యురాలు 1969లో, మరణం దగ్గరపడిన రోగులతో మాట్లాడి ఆ సంగతి రాశారు. తర్వాత దాన్ని ఉద్యోగాలకూ అన్ని రకాల మార్పులకూ అన్వయించారు. అందరూ ఆ మెట్లన్నీ వరసగా ఎక్కాలనేమీ లేదు. ఒకరు ఏడుస్తారు, ఒకరు మౌనంగా ఉంటారు, ఒకరు మర్నాడే పనిలో పడతారు. ఎవరి తీరు వారిది.

సత్యం నేర్పిన పాఠం

ఈ ప్రాంతానికి తగిలిన పెద్ద దెబ్బ 2009 జనవరి 7న తగిలింది. 1987లో మొదలై హైదరాబాద్‌కు గర్వకారణంగా పేరు తెచ్చుకున్న సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో ఏళ్ల తరబడి లేని డబ్బు ఉన్నట్టు చూపించామని చైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. మోసం విలువ సుమారు 7 వేల కోట్ల రూపాయలన్నారు. దాదాపు 50 వేల మంది ఉద్యోగులు మర్నాడు ఏమవుతుందో తెలియని స్థితిలో పడ్డారు. అప్పటికే, 2008 సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ కూలడంతో ప్రపంచమంతా మాంద్యం. బయట కొత్త ఉద్యోగాలు లేవు.

రెండు రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం పాత బోర్డును తొలగించింది. దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లతో కొత్త బోర్డు వేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ సంస్థను దక్కించుకుంది. 2013లో రెండూ ఒకటైపోయాయి. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రామలింగరాజునూ, మరికొందరినీ దోషులుగా తేల్చింది.

ఆ మూడు నెలలూ ఉద్యోగుల్లో చాలామంది చేసిన పని ఒకటే. ఎప్పటిలాగే ఆఫీసుకు వెళ్లి, తమ క్లయింటు పని తాము పూర్తి చేశారు. బోర్డులో ఏం జరుగుతుందో వాళ్ల చేతుల్లో లేదు. ఎదురుగా ఉన్న పని వాళ్ల చేతుల్లో ఉంది. సంస్థ మళ్లీ లేవడానికి అదీ ఒక ముఖ్య కారణం. మన చేతిలో ఉన్నదీ, లేనిదీ వేరు చేసి చూడటం మార్పును తట్టుకోవడంలో మొదటి మెట్టు. అయితే అందరూ నిలవలేదన్నది కూడా నిజం. కొందరి ఉద్యోగాలు పోయాయి. కొందరు తక్కువ జీతంతో నెలల తరబడి ఎదురు చూశారు.

పనిముట్టు మారుతుంది, పునాది ఉంటుంది

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర గోడల మీది బోర్డులు చూస్తే ఐటీ చరిత్ర మొత్తం తెలుస్తుంది. ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్. ఏడాదిని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములు 2000 సంవత్సరాన్ని గుర్తుపట్టలేవని వాటిని సరిచేసే పనికి అప్పట్లో గిరాకీ ఉండేది. 2000 జనవరి 1 దాటగానే ఆ పని తగ్గింది. తర్వాత జావా, ఒరాకిల్, డాట్‌నెట్, టెస్టింగ్, శాప్. ఆ తర్వాత క్లౌడ్, డేటా సైన్స్. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక, కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్న చిన్న కోడింగ్ పనులు కొన్ని యంత్రమే చేస్తోంది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. అందులో ఎక్కువ భాగం మధ్య, పై స్థాయుల వాళ్లే. అంటే అనుభవం ఉంది కదా అని నిశ్చింతగా ఉండే రోజులు కావివి.

ఇన్ని బోర్డులు మారినా పాతబడనివి కొన్నున్నాయి. లెక్కల్లో పట్టు, సమస్యను ముక్కలుగా విడదీసి చూసే అలవాటు, చదివింది అర్థం చేసుకుని నాలుగు వాక్యాల్లో రాయగలగడం, తెలియనిది అడగడానికి సిగ్గుపడకపోవడం. కోర్సు మూడు నెలల్లో వస్తుంది. ఇవి రావాలంటే మాత్రం మీ స్టడీ అవర్‌లోనే మొదలు కావాలి.

వీపు మీది బరువు

తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన ఒక అధ్యయనం 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. పంట అమ్మకముందు, చేతిలో డబ్బాడని రోజుల్లో ఆలోచనా శక్తిని పరీక్షించే ప్రశ్నలకు వాళ్లు తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. పంట డబ్బు చేతికొచ్చాక అదే రైతులు మెరుగ్గా చేశారు. మనుషులు వాళ్లే, బుర్రలు అవే. డబ్బు దిగులు ఆలోచనలో చోటు ఆక్రమించేస్తుందని పరిశోధకులు వివరించారు.

మన సంగతీ ఇదే. పక్క సీటు మిత్రుడికి ఉద్యోగం పోతే నాన్న ఇంట్లో ఆరు నెలలు కూర్చుని కొత్తది నేర్చుకుంటాడు. మన జీతం మీద చెల్లి చదువు, ఇంటి అప్పు, అమ్మ మందులు ఆధారపడి ఉంటాయి. దీనికి తోడు అద్దె గది కోసం వెళ్తే "మీరేమిట్లు?" అని అడిగిన ఇంటి యజమానులున్నారు. ఇంటిపేరు అడిగి, హాస్టల్ సంగతి విని, మాట తీరు మార్చిన సహోద్యోగులున్నారు. ఇవన్నీ మోస్తూ నడిచేవాడు కాస్త ఆలస్యంగా చేరితే వాడు మొద్దు అని కాదు అర్థం. ఈ మాట మీరు మరచిపోవద్దు.

మేము ఆచరించి చూసినవి

ఒకటి, పోయినదాన్ని పోయిందని ఒప్పుకోండి. ఊరు, భాష, స్నేహితులు దూరమైతే బాధ కలుగుతుంది. దాచుకుంటే అది చదువు మీద పడుతుంది.

రెండు, మారనివి రెండు మూడు అట్టిపెట్టుకోండి. నిద్ర లేచే వేళ, ఆదివారం ఇంటికి ఫోను, సాయంత్రం ఆట. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆఫీసులు మూతపడి, ఒక్క గది ఇళ్లలో కూర్చుని పని చేయాల్సి వచ్చినప్పుడు మమ్మల్ని కాపాడినవి ఇలాంటి చిన్న అలవాట్లే.

మూడు, మొదటి జీతం నుంచే కొంత పక్కన పెట్టండి. ముందు ఒక నెల ఖర్చు, తర్వాత మూడు నెలలది. ఇంటికి పంపడం మన ధర్మమే. ఆ దిండు లేకపోతే రేపు ఇంటికి పంపడానికీ ఏమీ ఉండదు.

నాలుగు, ఉద్యోగం ఉన్నప్పుడే రోజుకో అరగంట కొత్తది నేర్చుకోండి.

ఐదు, ఒంటరిగా ఉండకండి. నిద్ర పట్టకపోయినా, ఏ పని మీదా మనసు నిలవకపోయినా వార్డెన్ గారికో, స్నేహితుడికో, డాక్టరుకో చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇక మా తోటి పూర్వ విద్యార్థులకు ఒక మాట. మనలో చాలామంది హైదరాబాద్‌లో దిగిన మొదటి నెల ఎవరో ఒక సీనియర్ గదిలో చాప వేసుకుని పడుకున్నవాళ్లమే. భూమి, డబ్బు, పలుకుబడి లేని మనకు వెనుక ఉన్న ఆస్తి ఆ సీనియర్లే. ఇప్పుడు ఆ చోట మనం ఉన్నాం. ఈ ఏడు హాస్టల్ నుంచి బయటికి వెళ్లే ప్రతి విద్యార్థి చేతిలో కనీసం ఇద్దరు సీనియర్ల ఫోను నంబర్లు ఉండేలా చూద్దాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు మాత్రం మొహమాటపడకుండా ఆ నంబరుకు ఫోన్ చేయండి.